మబ్బు పట్టిన రోజు పడవ సంగతి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులతో రాయునది. బెజవాడ పున్నమి ఘాట్ నుంచి కృష్ణలోని భవానీ ద్వీపానికి రెండు పడవలు నడపడానికి నీకు అనుమతి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఇంజన్ల గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. వాతావరణం చెడితే ఏం చేయాలన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకో. టికెట్ల డబ్బు గల్లాపెట్టెలో పడ్డాక, జనం మెట్ల మీద నిలబడి తొందరపెడుతుంటే ఎంతటివాడికైనా బుర్ర పనిచేయదు.

ముందు పడవ నడిపే సరంగు కూలి సంగతి చూడు. ట్రిప్పుకు ఇంత అని ఇస్తే, పడవ కదలని రోజు అతని ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటి మనిషిని గాలి ఎలా ఉందని అడిగితే "ఫరవాలేదు బాబూ" అనే అంటాడు. అతన్ని తప్పుపట్టలేం. అందుకే నెల జీతం పెట్టు. ట్రిప్పులు ఆగిన రోజుకు కూడా కోత వద్దు, సహాయకులకు కూడా అంతే. అప్పుడు అతని నోట నిజం వస్తుంది. ఇక అతను వద్దన్నాడంటే నువ్వు యజమానివైనా సరే ఎదురు చెప్పకూడదు. నువ్వు వద్దన్నా అంతే. ఇద్దరిలో ఎవరు కాదన్నా తాడు విప్పకూడదు. ఈ ఉత్తరంలో ఇంకేది మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకు.

తుపాను కన్నా వేసవి గాలివానకే నేను ఎక్కువ భయపడతాను. తుపాను కబురు వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున షికారుకు ఎవరు వస్తారు? ఏప్రిల్, మే నెలల్లో అయితే పగలంతా ఎండ దంచి, సాయంత్రానికి ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. సెలవుల జనంతో ఘాట్ కిటకిటలాడేదీ ఆ వేళే. మెరుపు కనిపించిన ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపు ఉన్నట్టు లెక్క. అప్పటికే నీ పడవ ఒడ్డున ఉండాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగుల జాడ చెప్పే దామిని యాప్ ఫోనులో పెట్టుకో, కానీ పడమటి ఆకాశం మీద నుంచి కన్ను తీయకు.

నది మధ్యలో గాలి అందుకుంటే పక్క పరదాలు దించనివ్వకు. పరదా దించిన పడవకు గాలి పక్కనుంచి కొడితే తెరచాప ఎత్తినట్టే. పైగా జల్లు తగలగానే జనమంతా లేచి రెండో వైపుకు జరుగుతారు, పడవ ఒరిగేది అప్పుడే. తడిస్తే తడవనీ, పరదాలు పైకి చుట్టించి, ఎక్కడివాళ్లను అక్కడే కూర్చోబెట్టమని సహాయకులకు చెప్పు.

వరద సంగతి వేరు. బెజవాడలో చుక్క వాన లేకపోయినా కృష్ణ పోటెత్తుతుంది. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి ఎంత వదులుతున్నారో ముందుగా తెలుస్తుంది. కృష్ణలో కలిసే మున్నేరుకు మాత్రం పట్టి ఆపే పెద్ద జలాశయం లేదు, ఖమ్మం వైపు కుండపోత కురిస్తే నేరుగా మన మీదికే. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. నువ్వు అంతదాకా ఆగకు. గేట్లు ఎత్తుతున్న కొద్దీ నీరు అటు లాగుతుంది. ఆ సమయంలో ఇంజన్ ఆగిపోతే లంగరు తప్ప దిక్కు లేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొని, వాటిని ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లు) దెబ్బతీశాయి. ఖాళీ పడవ కూడా అంత పని చేస్తుంది. కాబట్టి కబురు అందగానే పడవలను ఒడ్డు మీదికి లాగించి, కొత్త తాళ్లతో ముందూ వెనకా కట్టించు.

వాన వెలిశాక మళ్లీ మొదలుపెట్టే మొదటి ట్రిప్పు దగ్గర నువ్వే స్వయంగా నిలబడు. ఆగిపోయిన రెండు ట్రిప్పుల జనం ఒకే పడవలో ఎక్కాలని చూస్తారు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవలో మోయలేనంత మందిని ఎక్కించారు. అది బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. మన ఊరి నదిని నమ్మి వచ్చినవాళ్లు వాళ్లు. ఎంతమందికి అనుమతి ఉందో అంతమందే ఎక్కాలి, చంకలో పిల్లలను కూడా లెక్కపెట్టాలి.

డబ్బు వాపసు విషయంలో పేచీ పెట్టకు. వాతావరణం వల్ల ఆగితే పూర్తి సొమ్ము, అదీ వాళ్లు అడగకముందే. ఒంగోలు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవారికి రాత్రి బస్సు ఉంటుంది, మరో రోజు రమ్మంటే ఏం లాభం? వాన సూచన ఉంటే ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి చెప్పించు. అప్పుడు వాళ్లు ముందు కొండెక్కి దుర్గమ్మ దర్శనం చేసుకుని, ఆ తర్వాత ఘాట్‌కు వస్తారు. ఏడాదిలో కొన్ని రోజులు పడవలు ఆగుతాయని ముందే అనుకుని టికెట్ ధర కట్టు.

టికెట్ వెనుక అచ్చు వేయించే షరతులు రాసి పంపు, చూసి చెబుతాను. దసరా రద్దీలోపు లైఫ్ జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూడు. పిల్లల కొలతవి వేరుగా కొను, పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పిల్లలు కిందికి జారిపోతారు.

మీ మావయ్య