సెట్‌యూఐడీ పెట్టినా షెల్ స్క్రిప్ట్‌కి రూట్ అధికారం ఎందుకు రాదు?

రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేర, మోడ్ 600తో (అంటే ఓనర్ మాత్రమే చదవగలిగేలా) ఉన్న లాగ్ ఫైల్‌ని మామూలు యూజర్ ఒక స్క్రిప్ట్ ద్వారా చదవాలి. స్క్రిప్ట్ ఓనర్‌ని రూట్ చేసి చ్‌మోడ్ 4755 కొట్టి సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఫైల్‌ని దాని ఓనర్ అధికారంతో నడిపించే గుర్తు) పెట్టినా 'పర్మిషన్ డినైడ్' అనే వస్తోంది. ఇదీ ప్రశ్న.

మీ కమాండ్‌లో తప్పు లేదు. స్క్రిప్టుల మీద సెట్‌యూఐడీ బిట్‌ని లినక్స్ కెర్నల్ కావాలనే పట్టించుకోదు. స్క్రిప్ట్ తనంతట తాను నడవదు కదా. కెర్నల్ మొదటి లైన్ చూసి, స్క్రిప్ట్‌ని చదివి నడిపే బ్యాష్ అనే ప్రోగ్రామ్‌ని లేపుతుంది, బ్యాష్ అదే ఫైల్‌ని పేరుతో మళ్లీ తెరుస్తుంది. ఆ రెండింటి మధ్య దొరికే క్షణంలో ఎవరైనా స్క్రిప్ట్‌కి దారి చూపే సింబాలిక్ లింక్‌ని మార్చేస్తే, వాళ్ల కోడ్ రూట్‌గా నడిచిపోతుంది. కమాండ్లని ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌ని మార్చి, స్క్రిప్ట్ పిలిచే క్యాట్ లాంటి కమాండ్ బదులు తమ సొంత ప్రోగ్రామ్‌ని నడిపించే దారి కూడా ఉంది.

సరైన మార్గం సుడో, అంటే ఎంచుకున్న కమాండ్లని రూట్‌గా నడపనిచ్చే ప్రోగ్రామ్. విసుడో కమాండ్‌తో సుడోయర్స్ ఫైల్ (సుడో అనుమతుల జాబితా) తెరిచి, ఆ యూజర్‌కి ఆ ఒక్క స్క్రిప్ట్‌ని మాత్రమే పూర్తి పాత్‌తో (ఆ ఫైల్ ఉన్న పూర్తి చిరునామాతో) అనుమతించండి. చాలామంది ఒకటి మర్చిపోతారు: ఆర్గ్యుమెంట్ల (కమాండ్ తర్వాత ఇచ్చే మాటల) సంగతి రాయకపోతే సుడో ఏ ఆర్గ్యుమెంట్‌నైనా ఒప్పుకుంటుంది. అసలేమీ వద్దనుకుంటే పాత్ తర్వాత ఖాళీ డబుల్ కోట్స్ పెట్టాలి. ఆర్గ్యుమెంట్‌గా ఫైల్ పేరు తీసుకునే స్క్రిప్ట్ అయితే దయచేసి ఇది వదిలేయకండి, ఎట్సీ డైరెక్టరీలో పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైల్‌ కూడా చదివేయొచ్చు.

స్క్రిప్ట్‌నీ, అది ఉన్న డైరెక్టరీనీ రూట్ తప్ప ఎవరూ రాయలేకుండా ఉంచండి. యూజర్ హోమ్ డైరెక్టరీలో మాత్రం అస్సలు పెట్టొద్దు.