ఒక్కరోజు సరదాకు ఏడాది వాయిదాలా? ముందు అత్యవసర నిధి చూసుకోండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 38 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. జీతం చేతికి రూ.58 వేలు వస్తుంది. మా ఆవిడ ట్యూషన్లు చెబుతుంది, నెలకు రూ.9 వేల దాకా వస్తాయి. పిల్లలకు 13, 9 ఏళ్లు. నాన్నకు 71, అమ్మకు 66. అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో ఆరుగురం విశాఖ, అరకు వెళ్లాలనుకుంటున్నాం. సబ్‌మెరైన్, కైలాసగిరిపై జిప్‌లైన్, బొర్రా గుహలు అని పిల్లలు ఏడాదిగా అడుగుతున్నారు. రిసార్టు, కారు, టికెట్లు కలిపి రూ.90 వేలవుతుంది. ఒక యాప్‌లో 12 నెలలకు రూపాయిన్నర వడ్డీకే ఇస్తామంటున్నారు. బ్యాంకులో రూ.22 వేలు, క్రెడిట్ కార్డు బాకీ రూ.31 వేలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్ సిప్ నెలకు రూ.6 వేలు. కంపెనీ ఆరోగ్య బీమా మా నలుగురికీ రూ.3 లక్షలు. ఇంటి అద్దె రూ.11 వేలు, ఇంటి ఖర్చులు రూ.24 వేలు, స్కూలు ఫీజులు సగటున రూ.7,500, చీటీ రూ.5 వేలు, బైక్ వాయిదా రూ.4,200, కార్డుకు రూ.2 వేలు కడుతున్నాను. యాప్ లోన్ మంచిదా, చీటీ పాడుకోవడం మంచిదా? ప్రయాణ బీమా తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: యాప్ లోన్ వద్దు. చీటీ కూడా పాడుకోవద్దు. ఈ వేసవికి రూ.90 వేల యాత్ర మానుకోండి. పిల్లలకు విశాఖ చూపించాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు, దానికి దారి తర్వాత చెబుతాను. వేసవి దగ్గరపడగానే ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. అందరిదీ ఒకటే పొరపాటు. వాయిదా కట్టగలమా అని చూసుకుంటారు కానీ, వాయిదాలు నడుస్తున్న ఏడాదిలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే డబ్బు ఎక్కడిది అని చూసుకోరు. మీ విషయంలో అయితే వాయిదా కట్టడమే కష్టం.

మీరు రాసిన లెక్కే తీసుకుందాం. ఇద్దరి రాబడి రూ.67 వేలు. చెప్పిన ఖర్చులన్నీ కలిపితే రూ.59,700. మిగిలేది రూ.7,300. ఆ యాప్ అప్పుకు నెలసరి వాయిదా రూ.8,850 పడుతుంది. మొదటి నెల నుంచే రూ.1,550 తక్కువ. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదకే వెళ్తుంది, ఇంకెక్కడికీ వెళ్లదు.

రూపాయిన్నర వడ్డీ అన్న మాట మిమ్మల్ని మోసం చేస్తోంది. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర రూపాయిన్నర వడ్డీకి తెచ్చుకుంటే, సగం అసలు తీర్చాక మిగిలిన సగానికే వడ్డీ కడతాం. ఈ యాప్‌లో అలా కాదు. మొదటి నెలా, చివరి నెలా రూ.90 వేల మీదే వడ్డీ. పన్నెండో నెలలో మీ అసలు బాకీ రూ.7,500 మాత్రమే ఉంటుంది. ఆ నెల కూడా వడ్డీ కింద రూ.1,350 తీసుకుంటారు. పైగా ఇలాంటి అప్పులకు ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. 3 శాతం అనుకుంటే రూ.2,700, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.486. మీ చేతికి వచ్చేది రూ.86,814, తిరిగి కట్టేది రూ.1,06,200. ఏడాదికి అసలు రేటు దాదాపు 39 శాతం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ రేటును ఏపీఆర్ పేరుతో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో రాసి ఇవ్వాలి. ఆ కాగితం అడగండి. ప్రకటనలో కనిపించే అంకెను నమ్మి ఓకే నొక్కకండి.

హోటల్ మాత్రం కార్డు మీద బుక్ చేద్దాం అనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పాత బాకీ మిగిలి ఉన్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డుల మీద అది నెలకు 3.5 శాతం దాకా ఉంటోంది. కనీస మొత్తం కడుతున్నాను కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ రూ.2 వేలలో సగానికి పైగా వడ్డీకే పోతోంది.

ఇక అసలు విషయం. ఆరుగురున్న ఇంటికి బ్యాంకులో రూ.22 వేలు ఉన్నాయి. మీ ఇంట్లో ఆపలేని ఖర్చులు, అంటే అద్దె, సరుకులు, ఫీజులు, చీటీ, బైక్ వాయిదా కలిపి నెలకు రూ.51,700. అంటే మీ జీతం ఒక్క నెల ఆగితే ఆ రూ.22 వేలతో రెండు వారాలు కూడా గడవదు. మీది ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరున్నారు, అమ్మగారికి షుగర్ ఉంది. ఈ పరిస్థితిలో అత్యవసర నిధి లేకపోవడం నాకు కార్డు బాకీ కంటే పెద్ద ప్రమాదంగా కనిపిస్తోంది. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3.10 లక్షలు పక్కన ఉండాలి. ఆ అంకె చూసి నీరసపడొద్దు. ముందు ఒక నెలది, తర్వాత మూడు నెలలది. ఒక్క నెల ఖర్చు చేతిలో ఉన్నా అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

దీనికి దారి ఉంది. జూన్ నుంచి సిప్ ఆపండి, ఉన్న యూనిట్లు అమ్మొద్దు. కార్డుకు ఏడాదికి 40 శాతానికి పైగా వడ్డీ కడుతూ ఫండ్‌లో పెట్టుబడి పెట్టడం అర్థంలేని పని. సిప్ రూ.6 వేలు, మిగులు రూ.7,300, ఇప్పుడు కార్డుకు కడుతున్న రూ.2 వేలు కలిపితే రూ.15,300. అదంతా కార్డుకే కట్టండి, కొత్తగా కార్డు వాడకండి. ఆగస్టుకల్లా బాకీ తీరిపోయి, ఆ నెలలోనే రూ.13 వేల దాకా మిగులుతుంది. అవి అత్యవసర నిధిలో వేయండి. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకు పొదుపు ఖాతాలోనో, స్వీప్ సదుపాయం (మిగులు డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లేది) ఉన్న ఖాతాలోనో ఉంచండి. దాని ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుని తిరగొద్దు. సెప్టెంబరు నుంచి రూ.12,300 నిధికి, రూ.3 వేలు యాత్రకు. మూడు నెలల ఖర్చు సమకూరేదాకా సిప్ జోలికి వెళ్లకండి. ఈ మాట చెబితే మార్కెట్ పెరిగిపోతుందేమో అని చాలామంది కంగారుపడతారు. పెరగనివ్వండి.

ఆరోగ్య బీమా గురించి రెండు విషయాలు. మీ నాన్నగారికి 70 దాటాయి కాబట్టి రాబడితో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి రూ.5 లక్షల రక్షణ వస్తుంది. ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆధార్‌తో తీసుకోవచ్చు. ఈ వారంలోనే ఆ పని చేయండి, దీనికి ఖర్చు లేదు. మీ ఊళ్లో ఏయే ఆస్పత్రులు ఆ జాబితాలో ఉన్నాయో కూడా రాసి పెట్టుకోండి. అమ్మగారికి 66 కాబట్టి ఆ కార్డు రాదు. ఆమె పేరిట విడిగా సీనియర్ సిటిజన్ పాలసీ తీసుకోవాలి. బీపీ, షుగర్ దాచకుండా రాయండి. అలాంటి ముందున్న జబ్బులకు వేచి ఉండే గడువు గరిష్ఠంగా మూడేళ్లు. ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఆ గడువును ముందుకు నెట్టేస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. ప్రీమియం కోసం ఒకటి రెండు నెలలు నిధికి వేసే డబ్బు తగ్గించాల్సి వచ్చినా పర్వాలేదు. కంపెనీ ఇచ్చే రూ.3 లక్షలు ఉద్యోగంతోపాటే పోతాయి కాబట్టి, తర్వాత మీ నలుగురికీ సొంత పాలసీ చూసుకోండి.

ప్రయాణ బీమా అన్నారు. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు వచ్చే బీమా మనిషికి రూపాయి కూడా కాదు, తప్పకుండా టిక్ పెట్టండి. కానీ అది రైలు ప్రయాణంలో జరిగే ప్రమాదాలకే. బొర్రా గుహల తడి మెట్ల మీద అమ్మగారు జారిపడితే అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చేది ఆరోగ్య పాలసీ. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో జబ్బులకు పరిహారం ఇవ్వరు గానీ, ప్రమాదాలకు ఆ ఆంక్ష లేదు. జిప్‌లైన్ గురించి కూడా చెప్పాలి. ఆరోగ్య పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు వాటిని వృత్తిగా చేసేవాళ్లకు ఉద్దేశించింది. సరదాగా ఒకసారి ఎక్కినవాళ్లకు మామూలుగా అడ్డు కాదు. విడిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమాలో షరతులు వేరుగా ఉండొచ్చు, కొనేముందు ఆ పేరా చదవండి. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి రూ.20కి వచ్చే ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా మీ దంపతులిద్దరికీ లేకపోతే వెంటనే తీసుకోండి.

చీటీ ఇప్పుడు పాడితే తగ్గింపు పోగా చేతికొచ్చేది తక్కువ, చివరిదాకా ఉంచితే అది మీ నిధికే బలం. బంగారం మీద అప్పు యాప్ కంటే చవకే, అయినా విహారానికి వద్దు. నో కాస్ట్ ఈఎంఐ ప్యాకేజీలూ వద్దు.

మరి పిల్లల సంగతి? సెప్టెంబరు నుంచి వేసే రూ.3 వేలు డిసెంబరు చివరికి రూ.12 వేలవుతాయి. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో ఒక ఆదివారం విశాఖ వెళ్లిరండి. రిసార్టు అక్కర్లేదు. తెల్లవారుజామున రైలెక్కి రాత్రి తిరిగి రావచ్చు. పిల్లలు అడిగినవాటిలో ఖరీదైనవి నిజానికి చాలా తక్కువ. ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా ఉంది. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2001లో విరమించిన అసలు సబ్‌మెరైన్ అది, లోపలికి వెళ్లి నావికులు పడుకున్న ఇరుకు బెర్తులూ, టార్పిడోలూ చూడొచ్చు. రోడ్డు దాటితే టీయూ-142 విమానం, దాన్నీ 2017 నుంచి మ్యూజియంగా ఉంచారు. కైలాసగిరికి రోప్‌వే మీద వెళ్లండి, పెద్దబ్బాయికి జిప్‌లైన్ ఒక్కసారి చాలు. సాయంత్రం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్తే పిల్లలు అలిసిపోయేదాకా ఆ ఎర్రటి గుట్టల మధ్య తిరగొచ్చు. ఇవన్నీ ఒక్క నగరంలో, ఒక్క రోజులో అయిపోతాయి. సబ్‌మెరైన్ లోపల దారి ఇరుకు, గడపలు ఎత్తు. అమ్మానాన్నలను బీచ్‌లోనే కూర్చోబెట్టండి. అరకు మరో ఏడాదికి ఉంచుకోండి, బొర్రా గుహలు ఎక్కడికీ పోవు. ఈ వేసవికి మీ ఊరి పక్కనే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ ఉన్నాయి. నిధి విషయం పదమూడేళ్ల బాబుకు చెప్పండి. ఆ వయసు పిల్లలకు అర్థమవుతుంది. నెలనెలా రూ.3 వేలు వేసే పని వాడికే అప్పగించినా మంచిదే.

ఈ జవాబు చేరేలోపే యాప్‌లో అప్పు తీసుకుని డబ్బు ఖాతాలో పడి ఉంటే, కంగారుపడకండి. డిజిటల్ రుణాలకు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఎన్ని రోజులో మీ ఒప్పంద పత్రంలో ఉంటుంది. ఆ లోపు అసలు, వాడుకున్న రోజులకు వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా అప్పు రద్దవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు కొంత పోవచ్చు, పోనివ్వండి. రిసార్టుకు అడ్వాన్సు కట్టకముందే ఈ పని పూర్తి చేసి, అప్పు ముగిసినట్టు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.