సింథ్ వచ్చింది సరే, ఏడు లెక్క ఎక్కడికీ పోలేదు

"ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్లు 80ల్లో న్యూ వేవ్ మోజులో పడి చెడిపోయాయా?" అని ఒకరు అడిగారు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే పొడవాటి పాటలు, చిక్కు తాళాలు ఉండే రాక్ సంగీతం. న్యూ వేవ్ అంటే సింథ్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు) ముందుండే పొట్టి పాటల బాణీ. చెడిపోయినవి ఉంటే ఉండొచ్చు, కెనడా బ్యాండ్ రష్ మాత్రం చెడిపోలేదు. 1982లో వచ్చిన వాళ్ళ 'సిగ్నల్స్' ఆల్బమ్ వింటే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. మా నాన్నకి తెలిసింది, అదీ ఒక్క పాటతో.

నేను టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాను. మూడేళ్ళ క్రితం వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చారు. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు మృదంగం వాయించిన మనిషి. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలయ్యాక ఆపేశారు. వచ్చిన రెండో రోజు సాయంత్రం నడకకి వెళ్ళి, ఇల్లు కనుక్కోలేక గంటసేపు తిరిగి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఏ వీధి చూసినా అదే గరాజు, అదే తలుపు. మనిల్లు ఏదో ఎలా తెలుస్తుందిరా?" అన్నారు.

సరిగ్గా ఆ ఊళ్ళ గురించే ఉంది 'సిగ్నల్స్'లో మొదటి పాట 'సబ్‌డివిజన్స్'. ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు, అందరిలా లేని కుర్రాణ్ణి దూరం పెట్టే స్కూళ్ళు. పాడిన గెడీ లీ, గిటారిస్ట్ అలెక్స్ లైఫ్‌సన్ ఇద్దరూ టొరంటో శివారు విల్లోడేల్‌లో పెరిగినవాళ్ళే. రాసింది డ్రమ్మర్ నీల్ పియర్ట్.

ఆ వారంలోనే 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆ పాట పెట్టాను. సింథ్ మొదలైంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు, చెయ్యి మాత్రం తొడ మీదికి వెళ్ళింది. తకిట తకధిమి, తకిట తకధిమి. నాలుగు ఆవర్తనాలు అయ్యాక నా వైపు తిరిగి, "ఏడు కదరా! మిశ్ర చాపు!" అన్నారు. మిశ్ర చాపంటే మూడు, నాలుగుగా నడిచే ఏడు లెక్క తాళం. కాసేపటికి లెక్క నాలుగులోకి మారింది. ఆయన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, వెంటనే అందుకుంది. "మళ్ళీ వెయ్యి" అన్నారు. వేశాను.

నేను చెప్పేది ఇదే. పైన వినిపించే సింథ్ న్యూ వేవ్‌ది, అడుగున నడిచే లెక్క పాత రష్‌ది. 1976లో '2112' ఆల్బమ్ కోసం రికార్డులో ఒక వైపంతా ఒకే పాటతో నింపినవాళ్ళు, ఆ పట్టునంతా ఐదు నిమిషాల పాటలోకి కుదించారు. 'డిజిటల్ మ్యాన్'లో 'ది పోలీస్' అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పాటల్లో లాంటి రెగే (జమైకా సంగీతం) నడక ఉంటుంది. మొదటి నుంచీ వెంట ఉన్న ప్రొడ్యూసర్ టెర్రీ బ్రౌన్‌కి ఆ దారి నచ్చలేదు, ఆయన చేసిన చివరి రష్ ఆల్బమ్ ఇదే. అయినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు. ఆ రోజు మారకపోయి ఉంటే ఈ బ్యాండు 1985 దాటేది కాదని నా గట్టి నమ్మకం.

గిటార్ వినపడట్లేదని ఏడ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. మిక్స్‌లో తన గిటార్ వెనక్కి పోయిందని లైఫ్‌సనే అన్నాడు, నిజమే. కానీ ఫోన్ స్పీకర్లో విని తీర్పు చెప్పకండి. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'ది అనలాగ్ కిడ్' వినండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో బాధ పాటలు వినిపించే ఈ యాప్‌లు. ఒక పాట అవగానే ఇంకెవరిదో తెచ్చి పెడతాయి. ఆల్బమ్‌కి ఒక వరస ఉంటుంది. మన సినిమా క్యాసెట్లలో ఒక సైడు పాటలు అయిపోయాక ఖాళీ టేపు గుర్రుమంటూ తిరిగేది, గుర్తుందా? 'సిగ్నల్స్'కీ ఆ సమస్యే వస్తే, రెండు వైపులూ సమానం చెయ్యడానికి నాలుగు నిమిషాల్లోపు పాట కావాలని అప్పటికప్పుడు కట్టిందే 'న్యూ వరల్డ్ మ్యాన్'. అమెరికా చార్టులో 21వ స్థానానికి వెళ్ళింది. అక్కడ టాప్ 40లోకి ఎక్కిన రష్ పాట అదొక్కటే.

చివరి నుంచి రెండోది 'లూజింగ్ ఇట్'. కాళ్ళు సహకరించని నర్తకి, మాట రాని రచయిత. బెన్ మింక్ వయొలిన్ వింటే గొంతు పట్టేస్తుంది. ఆ పాటని వాళ్ళు 33 ఏళ్ళ పాటు వేదిక మీద వాయించలేదు, 2015లో పియర్ట్‌తో చేసిన చివరి టూర్‌లోనే మొదటిసారి వాయించారు. పియర్ట్ 2020 జనవరిలో పోయాడు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆల్బమ్ మొత్తం పెట్టాను. 'లూజింగ్ ఇట్' మొదలయ్యేసరికి నాన్న కుడిచేతి వేళ్ళు ఎడమచేత్తో నొక్కుకుంటున్నారు. ఆయనకి ఇంగ్లిష్ బాగానే వచ్చు. ఆ పాట తీసేసి మళ్ళీ 'సబ్‌డివిజన్స్' పెట్టాను. చెయ్యి తొడ మీదికి వెళ్ళింది.