నొక్కి విప్పాలా? నొక్కుతూ విప్పాలా?

ప్రశ్న: కారు వెనక షాకబ్జర్లు, స్ట్రట్లు ఇంటి దగ్గరే మార్చుకునే పద్ధతిని అమెరికాలో ఉంటున్న మా బంధువుల కోసం తెలుగులో రాస్తున్నాను. షాక్ అబ్జార్బర్‌ను ‘ఘాతశోషకం’ అనవచ్చా? ‘స్ప్రింగును నొక్కుతూ పై నట్టు విప్పాలి. బోల్టులు గట్టిగా బిగించి కారును దించాలి’ అని రాశాను. ఈ వాక్యాల్లో దోషాలున్నాయా?

సమాధానం: ‘ఘాతశోషకం’ వద్దండి. గుంటలో పడ్డప్పుడు దెబ్బను మొదట తీసుకునేది స్ప్రింగు. ఆ తర్వాత కారు ఊగుతూ ఉండిపోకుండా ఊపును అణచేది షాకబ్జర్. అందుకే ఆ సమాసం అర్థానికి సరిగ్గా అతకదు, పైగా పలకడానికీ కష్టం. షెడ్డులో అందరికీ తెలిసిన ‘షాకబ్జర్’నే ఉంచండి. ‘స్ట్రట్’నూ అలాగే వాడండి గాని, రెండూ ఒకటే అన్నట్టు రాయకండి. మారుతీ స్విఫ్ట్‌లో వెనక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. 2007–2011 నాటి అమెరికా టయోటా కామ్రీలో షాకబ్జర్ మీదే స్ప్రింగు కూర్చి ఉంటుంది, అది స్ట్రట్. స్ప్రింగును నొక్కే పని రెండోదానికే ఉంది. మీ మొదటి వాక్యం ఏ రకానికి వర్తిస్తుందో చెప్పకపోతే స్విఫ్ట్ ఉన్నవాడు అనవసరంగా స్ప్రింగు కంప్రెసర్ (కొక్కేలతో స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు) కొనుక్కొస్తాడు.

అసలు దోషం క్రియల్లో ఉంది. ‘నొక్కుతూ’ శత్రర్థకం. రెండు పనులూ ఒకే కాలంలో జరుగుతున్నాయని దాని అర్థం. ‘నొక్కి’ క్త్వార్థకం. ఆ పని ముగిశాకే రెండో పని మొదలవుతుందని అర్థం. ‘పాడుతూ వచ్చింది’, ‘పాడి వచ్చింది’ అన్నప్పుడు ఈ తేడా వల్ల ఎవరికీ నష్టం లేదు. స్ట్రట్ దగ్గర మాత్రం ప్రాణాపాయం. స్ప్రింగు చాలినంత నొక్కుకోకముందే నట్టు ఊడితే పైనున్న మౌంటు (స్ట్రట్‌ను బాడీకి పట్టించే భాగం) తుపాకీ గుండులా ఎగురుతుంది. నిజానికి ఇక్కడ ‘నొక్కి’ అన్నా చాలదు, ఎంత నొక్కాలో అది చెప్పదు. ‘స్ప్రింగు తన గిన్నెలో చేత్తో కదిపితే కదిలేంత వదులయ్యాకే’ అని రాయండి. గిన్నె అంటే స్ప్రింగు కొస ఆనుకునే పళ్లెం. నొక్కేది మనిషి, వదులయ్యేది స్ప్రింగు. కర్త మారినచోట క్త్వార్థకం కుదరదు, ‘వదులయ్యాక’ అనే రూపమే రావాలి. చివరి ఏకారాన్ని మరవకండి, హెచ్చరికంతా అందులోనే ఉంది.

‘పై నట్టు’ అన్నది ఇంకా పెద్ద ప్రమాదం. ఆ కామ్రీలో స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచే నట్లు మూడు. వాటి నడుమ, షాకబ్జర్ లోంచి పైకి వచ్చే కడ్డీ మీద మరో నట్టు ఉంటుంది. స్ట్రట్‌ను కారు నుంచి బయటికి తీయడానికి విప్పవలసినవి చుట్టూ ఉన్న మూడూ. స్ప్రింగును ఆపుతున్నది నడిమి నట్టు. తెలుగు నామవాచకం ‘ఏది’ అన్నది తనంతట తాను చెప్పదు కాబట్టి మనమే విశేషణం చేర్చాలి: ‘చుట్టూ ఉన్న మూడు నట్లు’, ‘నడిమి నట్టు’. నడిమి నట్టు తిప్పేటప్పుడు కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీ కొసను ఆలెన్ కీతో ఆపమని రాయండి. ‘కడ్డీని పట్టుకొని’ అంటే కొత్తవాడు కడ్డీ నున్నని ఒంటి మీద పటకారు వేస్తాడు. ఆ గీతలు సీలును కోసి, నెలలు తిరక్కుండానే ఆయిల్ కారుస్తాయి.

కంప్రెసర్ గురించి మీరు రాయలేదు గాని, రాసేటప్పుడు ‘రెండు కొక్కేలనూ ఒకదాని తర్వాత ఒకటి బిగించండి’ అనకండి. ఒకటి పూర్తిగా బిగించాక రెండోది మొదలుపెట్టమన్నట్టు అర్థమవుతుంది. అలా చేస్తే స్ప్రింగు ఒక పక్కకు వంగి కొక్కెం జారుతుంది. ‘ఎదురెదురుగా తగిలించి, మార్చి మార్చి, రెండేసి చుట్ల చొప్పున బిగించండి’ అనండి. ఈ ‘ఏసి’ ప్రత్యయాన్ని బోల్టుల లెక్కకూ వాడుకోండి. ‘కింద రెండు బోల్టులు’ అంటే మొత్తం రెండా, పక్కకు రెండా తెలియదు. కామ్రీ స్ట్రట్‌కు కింద పక్కకు రెండేసి ఉంటాయి. షాకబ్జర్లను ఎప్పుడూ జతగానే మారుస్తారు కాబట్టి ఈ అయోమయం తప్పక వస్తుంది.

ఇక ‘బిగించి దించాలి’. వ్యాకరణం నిర్దుష్టంగా ఉంది, వరస మాత్రం తలకిందులైంది. స్విఫ్ట్ లాంటి కారులో షాకబ్జర్ కంటికి (బోల్టు దూరే రింగుకు) లోపల రబ్బరు బుష్ ఉంటుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే బుష్ ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది. కారు దించగానే మెలిపడి, కొద్ది కాలానికే చిరుగుతుంది. కాబట్టి ‘కారును దించి బిగించాలి’. అంతకుముందు చేసే పనికి మనకు చక్కని మాట ఉంది: ‘పట్టించడం’. నట్టును చేత్తో మరమీదికి ఎక్కించి నాలుగు చుట్లు తిప్పడం అది. ‘చేత్తో పట్టించి, కారు దించి, అప్పుడు బిగించాలి’ అంటే మూడు మెట్లూ వరసగా నిలుస్తాయి. కామ్రీ స్ట్రట్ కింది బోల్టుల దగ్గర రబ్బరు లేదు, వాటిని కారు పైకి లేపి ఉండగానే బిగించవచ్చు.

విప్పేటప్పుడూ ఇలాంటి మెట్టే ఉంది. చక్రం నట్లను నేలమీద ఉండగా ‘వదులు చేయాలి’, కారు లేపి స్టాండ్ల మీద నిలిపాక ‘విప్పాలి’. రెండుచోట్లా ‘విప్పాలి’ అని రాస్తే ఒకడు నేలమీదే అన్నీ ఊడదీస్తాడు. ఇంకొకడు చక్రాన్ని గాలిలో ఉంచి పానాతో గింజుకుంటాడు, కారు జాకీ మీంచి జారుతుంది. హ్యాండ్‌బ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది, అవి పైకి లేచాక దానివల్ల ప్రయోజనం లేదు. అందుకని ‘ముందు చక్రాలకు అడ్డు పెట్టండి’ అంటాం. అక్కడ ‘ముందు’ స్థలమా కాలమా? ‘మొదట, ముందువైపు చక్రాలకు’ అని విడదీసి రాయండి. స్విఫ్ట్‌లో కింది బోల్టు తీయబోయే ముందు ఇరుసు దూలం కింద జాకీ ఆనించమనడం కూడా చేర్చండి. లేకపోతే దూలం కిందికి వేలాడి బ్రేకు గొట్టాన్ని లాగేస్తుంది.

‘గట్టిగా’ అనేది కొలత కాదు. ఆ కారు సర్వీసు పుస్తకంలోని టార్క్ (ఎంత బలంతో తిప్పి బిగించాలన్న కొలత) అంకె వేయండి, ప్రమాణంతో సహా. పాత పుస్తకాల్లో కిలోగ్రామ్-మీటర్లు, కొత్తవాటిలో న్యూటన్-మీటర్లు, అమెరికా పుస్తకాల్లో అడుగు-పౌండ్లు ఉంటాయి. 10 కిలోగ్రామ్-మీటర్లంటే సుమారు 98 న్యూటన్-మీటర్లు, లేదా 72 అడుగు-పౌండ్లు. వట్టి అంకె వేస్తే బోల్టు తెగనన్నా తెగుతుంది, ఊడనన్నా ఊడుతుంది.

మీ వాక్యాలు ఇలా మార్చుకోవచ్చు: ‘స్ట్రట్‌ను బయటికి తీసి, కొక్కేలను మార్చి మార్చి బిగిస్తూ స్ప్రింగును నొక్కాలి. స్ప్రింగు గిన్నెలో వదులయ్యాకే నడిమి నట్టు విప్పాలి. విడి షాకబ్జర్ అయితే, బోల్టులు చేత్తో పట్టించి, కారును చక్రాల మీదికి దించి, పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించాలి.’ ఇందులో ‘బిగిస్తూ నొక్కాలి’ అన్న శత్రర్థకం సరైనదే, ఆ రెండూ నిజంగా ఒకేసారి జరిగే పనులు.