యజమానికి సెలవు ఎవరిస్తారు?

(ఆటలు, ఆటగాళ్లు, వాళ్ల ఒళ్లునొప్పుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు నల్లకుంటలో క్లినిక్ నడిపే ఫిజియోథెరపిస్టు జవాబులు)

డాక్టర్ గారూ, మా ఇంట్లో టీవీలో రెజ్లింగ్ పెడితే చాలు, మా మామయ్య "అంతా డ్రామా, ముందే రాసుకుంటారు" అని కట్టేయమంటాడు. 2023 సెప్టెంబరులో జాన్ సీనా గచ్చిబౌలి వచ్చినప్పుడూ ఇదే గొడవ. మిత్సుహారు మిసావా అనే జపాన్ రెజ్లర్ రింగులోనే పడిపోయి చనిపోయాడని, ఆ షో నడిపిన కంపెనీ పెట్టింది కూడా అతనేనని ఈమధ్యే చదివాను. డ్రామా అయితే మనిషి ఎలా పోతాడు? అయినా ఓనర్‌కి రింగులోకి దిగాల్సిన ఖర్మ ఏంటి?
— ఓ పాఠకుడు, రామంతపూర్

మీ మామయ్య గారి మాట సగం నిజం. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. పడటం మాత్రం నిజంగానే పడతారు. రింగు అంటే ఇనుప ఫ్రేము, దాని మీద చెక్క పలకలు, ఆ పైన పల్చటి మెత్త, అన్నిటికన్నా పైన బిగించి కట్టిన కాన్వాసు. మన పాతబస్తీ తాలీంలలో మట్టిని తవ్వి, రాళ్లు ఏరి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా చేస్తారు. అంత మెత్తటి మట్టిలో ఆడే పహిల్వాన్లు కూడా నా దగ్గరికి మెడ పట్టుకునే వస్తుంటారు. ఇక చెక్కల మీద పడేవాళ్ల సంగతి చెప్పాలా!

పడటానికీ ఒక చదువు ఉంది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు చాచి నేలని చరచాలి, వీపంతా ఒక్కసారే తగలాలి. అప్పుడు దెబ్బ ఒకచోట దిగకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. జపాన్‌లో దీన్ని ఉకెమి అంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు పొద్దున్నే లేచి చేసేది ఇదే. మిసావా ఇందులో దిట్ట. నా ఉద్దేశంలో అతని ప్రాణం మీదికి వచ్చింది కూడా ఆ నేర్పుతోనే. ఎంత ఘోరంగా విసిరినా లేచి నిలబడేవాడు కాబట్టి, తర్వాతి మ్యాచ్‌లో ఇంకాస్త ఘోరంగా విసిరేవారు. 1990ల్లో ఆల్ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీలో అతనూ, కవాడా, కొబాషి ఆడిన మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది. వీపు మీద పడాల్సిన మనుషులు మెడ మీద, భుజాల మీద పడుతుంటారు. 1994 జూన్ 3న టోక్యో బుడోకాన్ హాల్లో మిసావా, కవాడాల మ్యాచ్ అరగంట దాటి సాగింది. రెజ్లింగ్‌లో అంతకన్నా గొప్ప మ్యాచ్ లేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకూ అది ప్రాణమే. కానీ చూస్తున్నంతసేపూ నా చెయ్యి నా మెడ మీదే ఉంటుంది.

అతని ప్రయాణం క్లుప్తంగా చెబుతాను. 1962లో హొక్కైదోలోని యుబారిలో పుట్టాడు. అది బొగ్గు గనుల ఊరు. హైస్కూల్లో కుస్తీ పడుతూ, చదువు మానేసి ఆల్ జపాన్‌లో చేరిపోతానంటే అక్కడి స్టార్ జంబో త్సురుతా ముందు స్కూలు పూర్తి చేసి రమ్మన్నాడు. అలాగే చేసి 1981లో రింగెక్కాడు. 1984లో కంపెనీ అతనికి టైగర్ మాస్క్ ముసుగు తొడిగింది. ఆ వేషం అంతకుముందు వేరే రెజ్లర్‌ది. దాన్ని ఆరేళ్లు మోశాడు. 1990లో పెద్ద స్టార్ తెన్‌ర్యూ కొందరిని వెంటబెట్టుకుని వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆల్ జపాన్ యజమాని జెయింట్ బాబాకి కొత్త హీరో కావాల్సి వచ్చింది. మే 14న ఒక ట్యాగ్ మ్యాచ్ (జట్లుగా ఆడేది) మధ్యలో మిసావా తన జట్టులోని కవాడా వైపు తిరిగి ముసుగు ముడి విప్పమన్నాడు. ఊడిన ముసుగుని అవతల పారేసి ఆట కొనసాగించాడు. నెల తిరగకుండానే, జూన్ 8న త్సురుతాని ఓడించాడు. స్కూలు పూర్తి చేసి రమ్మని పంపిన ఆ త్సురుతానే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 2000లో మిసావా సొంత కంపెనీ నోవా పెట్టాడు (ఎందుకు పెట్టాడో కింది ఉత్తరంలో వస్తుంది). ప్రెసిడెంటూ అతనే, పోస్టర్ మీద బొమ్మా అతనే. కొన్నాళ్లు బాగానే నడిచింది. 2003 మార్చి 1న బుడోకాన్‌లో కొబాషి చేతిలో ఓడి ఛాంపియన్ టైటిల్ అతనికి అప్పగించాడు. ఆ మ్యాచ్‌లో మిసావా కొబాషి చేతులు వెనక్కి విరిచి పట్టుకుని, రింగుకి వచ్చే ర్యాంపు మీద నుంచి వెనక్కి దూకాడు. ఇద్దరూ కింద నేల మీద పడ్డారు. నలభై ఏళ్ల మనిషి, అందులోనూ కంపెనీ ప్రెసిడెంటు! కొబాషి రెండేళ్లు ఛాంపియన్‌గా కంపెనీని నిలబెట్టాడు. మిసావా పక్కకి జరిగే వీలు దొరికింది ఆ రెండేళ్లలోనే అని నాకనిపిస్తుంది.

కానీ 2006లో కొబాషికి కిడ్నీ క్యాన్సర్ బయటపడింది. ఆ ఏడాది డిసెంబరులో 44 ఏళ్ల మిసావా మళ్లీ టైటిల్ గెలిచి, 2008 మార్చి దాకా మోశాడు. 2009 మార్చిలో నిప్పన్ టీవీ నోవా ప్రసారం ఆపేసింది. టీవీ పోతే మిగిలేది టికెట్ల డబ్బే. టికెట్లు తెగాలంటే పోస్టర్ మీద జనం గుర్తుపట్టే మొహం ఉండాలి. మెడనొప్పి, భుజంనొప్పి ఏళ్లుగా ఉన్నా ఊరూరూ తిరిగి ఆడాడు.

నా క్లినిక్‌లో రోజూ చూసేది ఇదే. ఉద్యోగం చేసేవాళ్లకి రెస్ట్ రాసిస్తే చీటీ తీసుకెళ్లి ఆఫీసులో ఇస్తారు. సొంత షాపు ఉన్నవాళ్లు "మరి షట్టర్ ఎవరు తీస్తారు డాక్టర్ గారూ?" అంటారు. రాణిగంజ్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్న ఒకాయన వేళ్లు తిమ్మిరెక్కి స్పూను జారిపోతున్నా, పనివాళ్లకి జీతాలివ్వాలని కాలర్ పెట్టుకునే పనికెళ్లాడు. మిసావా దగ్గర పనిచేసే ఏ రెజ్లర్‌కైనా మెడ పాడైతే ఇంటికి వెళ్లి పడుకోమని చెప్పాల్సింది ప్రెసిడెంటు. ఆ ప్రెసిడెంటు మెడే పాడైతే చెప్పేవాళ్లు లేరు.

2009 జూన్ 13, హిరోషిమా గ్రీన్ అరీనా. మిసావా, కుర్రాడు గో షియోజాకి ఒక జట్టు, అకితోషి సైతో, బైసన్ స్మిత్ ఇంకో జట్టు. సైతో అతన్ని నడుం పట్టి ఎత్తి వెనక్కి వేశాడు. దాన్ని బ్యాక్‌డ్రాప్ అంటారు. మిసావా జీవితంలో లెక్కలేనన్ని సార్లు తిన్న దెబ్బే అది. రెఫరీ వంగి కదలగలవా అని అడిగితే కదల్లేనన్నాడు. ఆ తర్వాత స్పృహ పోయింది, ఆ రాత్రే ఆస్పత్రిలో ప్రాణం పోయింది. ఇంకో ఐదు రోజులుంటే 47 నిండేవి. మెడలో వెన్నుపాము దెబ్బతిన్నదని చెప్పారు. ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కి వెళ్లే నరం మెడలో మూడు, నాలుగు, ఐదు స్థాయుల నుంచి బయల్దేరుతుంది. వెన్నుపాము ఆ పైన తెగితే ఊపిరి అందదు. మీ మామయ్య గారికి ఈ ఒక్క ముక్క చెప్పండి. గెలుపోటములు ఎవరైనా కాగితం మీద రాసుకోవచ్చు, వెన్నుపాముకి ఆ కాగితంతో పనిలేదు.

సైతోని నిందించేవాళ్లు అప్పట్లో చాలామందే ఉన్నారు. అది అన్యాయం. అతను వేసింది మామూలు దెబ్బ, పడ్డది ఏళ్ల తరబడి అరిగిపోయిన మెడ. సైతో ఆ బరువు మోస్తూనే ఆడి, 2024లో రిటైరయ్యాడు.

మేడమ్, దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు జిమ్ ఉంది. నా సీనియర్ ట్రైనర్ మిగతా ట్రైనర్లను కూడా లాక్కెళ్లి పక్క గల్లీలోనే కొత్త జిమ్ పెట్టాడు. ఒక్క కుర్రాడే నా దగ్గర మిగిలాడు. మీరు మీ కాలమ్‌లో మిసావాని చాలాసార్లు మెచ్చుకున్నారు. అతను చేసింది కూడా ఇదే కదా?
— ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

మీ కడుపుమంట నాకు అర్థమైంది. అయినా మిసావాని మెచ్చుకుంటాను, ఎందుకో వినండి.

1999 జనవరి 31న జెయింట్ బాబా చనిపోయాడు. మేలో మిసావాని ఆల్ జపాన్‌కి ప్రెసిడెంటుని చేశారు. కుర్చీ అతనిది, వాటాలు మాత్రం బాబా భార్య మొతోకో గారి చేతిలో. కంపెనీని ఎటు నడపాలన్నదాని మీద ఇద్దరికీ పొసగలేదు. 2000 మే నెలాఖరులో అతన్ని ప్రెసిడెంటు పదవి నుంచి దించేశారు. జూన్ 16న మిసావా విలేకరుల ముందుకొచ్చి వెళ్లిపోతున్నట్టు చెప్పాడు. కంపెనీలోని జపాన్ రెజ్లర్లలో ఇద్దరు తప్ప అందరూ అతని వెంట నడిచారు. నిప్పన్ టీవీ కూడా అటే వెళ్లింది. ఆగస్టు 5న టోక్యోలోని డిఫర్ అరియాకే హాల్లో నోవా మొదటి షో. బైబిల్లోని నోవహు ఓడ పేరే పెట్టుకున్నారు.

మీ ట్రైనర్‌కీ మిసావాకీ తేడా ఏమిటో నేను తేల్చలేను, మీ జిమ్‌లో ఏం జరిగిందో మీరు రాయలేదు. ఒక్క మాట మాత్రం అడుగుతాను. ఒకడు మానేస్తే డబ్బు కోసమో ఆశ కోసమో అనుకోవచ్చు. అందరూ లేచి వెళ్లిపోయారంటే, వెళ్లేముందు వాళ్లు మీకు ఏదో చెప్పే ఉంటారు. అది మీ చెవికెక్కిందా? మిసావా వెంట వెళ్లినవాళ్లకి టీవీ వస్తుందన్న గ్యారంటీ కూడా అప్పటికి లేదు. అతని మాట మీద నమ్మకంతో వెళ్లారు. నేను మెచ్చుకునేది ఆ నమ్మకం సంపాదించుకున్న తీరుని.

ఇక ఆగిపోయిన ఇద్దరి సంగతి. ఒకరు సీనియర్ మసనోబు ఫుచి. రెండోవాడు తోషియాకి కవాడా. మిసావా చదివిన స్కూల్లోనే ఒక ఏడాది జూనియర్, ముసుగు ముడి విప్పిన మనిషి. మునిగిపోతుందనుకున్న ఆల్ జపాన్‌ని ఆ ఇద్దరే పట్టుకుని కూర్చున్నారు. అప్పటిదాకా శత్రువులా చూసిన పోటీ కంపెనీ న్యూ జపాన్ వాళ్లతో మ్యాచ్‌లు కుదుర్చుకున్నారు. 2000 అక్టోబరులోనే టోక్యో డోమ్‌లో కవాడా వాళ్ల ఛాంపియన్ ససాకిని ఓడించాడు. 2002లో న్యూ జపాన్ నుంచి వచ్చిన ముతో ఆ కంపెనీ పగ్గాలు పట్టాడు. ఆల్ జపాన్ ఇప్పటికీ నడుస్తోంది. 2005 జూలైలో మిసావా, కవాడా మళ్లీ ఒకే రింగులో ఎదురెదురు నిలబడ్డారు. అదీ నోవా పెట్టిన టోక్యో డోమ్ షోలోనే.

కాబట్టి పక్క గల్లీలోకి తొంగిచూడటం మానేయండి. మీ దగ్గర ఆగిన ఆ కుర్రాడిని కూర్చోబెట్టి, నువ్వెందుకు ఆగావని అడగండి. జీతం పెంచండి. జిమ్‌లో ఏం మార్చాలో అతనే చెబుతాడు.

ఆంటీ, నాకు పదహారేళ్లు. ఇంటర్ మానేసి ప్రో రెజ్లర్ అవ్వాలని ఉంది. నాన్న ఒప్పుకోవట్లేదు. హైదరాబాద్‌లో ఎక్కడ నేర్చుకోవాలి?
— ఓ కుర్రాడు, చాంద్రాయణగుట్ట

తమ్ముడూ, మిసావా కూడా నీలాగే స్కూలు మానేస్తానన్నాడు. త్సురుతా ఏమన్నాడో పైన రాశాను, మళ్లీ చదువు. ముందు ఇంటర్ పాసవ్వు.

ఈలోగా మీ పక్కనే ఉన్న తాలీంలో చేరు. పాతబస్తీలో ఉన్నవాడివి, నీకు నేను దారి చెప్పక్కర్లేదు. కుస్తీతో పట్టు, నడుము బలం వస్తాయి. పడటం మాత్రం జూడో కోచ్ దగ్గర నేర్చుకో. టీవీలో చూసి మంచం మీద నుంచి దూకి ప్రాక్టీసు చేయకు. అలా దూకి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్న నీ వయసు పిల్లలకి కట్టు విప్పాక ఎక్సర్‌సైజులు చేయించేది నేనే. ప్రో రెజ్లింగ్ కోసమైతే గ్రేట్ ఖలీ పంజాబ్‌లోని జలంధర్‌లో స్కూలు నడుపుతున్నాడు. అతనూ 2001లో న్యూ జపాన్ రింగులో ఆడినవాడే, ఇప్పుడు సొంతంగా షోలు పెడుతున్నాడు. పద్దెనిమిది నిండాక వెళ్లు, మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లు. చేరేముందు అక్కడ దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడతారో, రింగు పక్కన డాక్టర్ ఉంటాడో లేదో మొహమాటపడకుండా అడగండి. సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకుండా తిరిగి రైలెక్కండి.