మీ ప్రశ్న, మా జవాబు: గేమింగ్‌తో పాటు లైవ్ ఇవ్వాలంటే ఏ ప్రాసెసర్?

ప్రశ్న: రైజెన్ 5 2600, బీ450 బోర్డు, ఆర్టీఎక్స్ 3060 కార్డు, 16 జీబీ ర్యామ్ వాడుతున్నాను. ఉత్తినే ఆడితే ఇబ్బంది లేదు. 1080పీ 60లో లైవ్ మొదలుపెట్టగానే గేమూ తడబడుతోంది, చూసేవాళ్లకీ వీడియో ఆగి ఆగి వస్తోంది. స్ట్రీమింగ్‌కి కోర్లు ఎక్కువ ఉండాలంటున్నారు. 12 కోర్ల రైజెన్ 9 5900ఎక్స్ కొనెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో డాక్స్ మెనూ కింద స్టాట్స్ అని ఉంటుంది. అది తెరిచిపెట్టుకుని, మీరు రోజూ ఆడే గేమ్‌నే పావుగంట లైవ్ ఇవ్వండి. అక్కడ మూడు అంకెలు గమనించాలి. రెండరింగ్ లాగ్ వల్ల పోయిన ఫ్రేములు పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డుకి ఊపిరాడడం లేదన్నమాట. ఎన్‌కోడింగ్ లాగ్ వల్ల వదిలేసినవి పెరుగుతుంటే ఎన్‌కోడర్, అంటే పంపే వీడియోని కుదించే విభాగం, వెనకబడిపోతోంది. నెట్‌వర్క్ వల్ల పడిపోయినవి పెరుగుతుంటే అది అప్‌లోడ్ వేగం సంగతి, ఎంత పెద్ద ప్రాసెసర్ పెట్టినా తీరదు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఎన్‌కోడర్ ఎక్స్264 మీదే ఉండిపోయిందని అనుమానం. ఎక్స్264 అంటే వీడియోని ప్రాసెసరే కుదించడం. గేమ్ నడపాల్సిన ఆరు కోర్లే సెకనుకి 60 ఫ్రేములు కుదించే పని కూడా నెత్తికెత్తుకుంటాయి, దాంతో రెండూ చెడతాయి. మీ 3060లో ఆ పనికోసమే ఎన్‌వీఈఎన్‌సీ అనే విడి విభాగం ఉంది. అది గేమ్ బొమ్మ గీసే కోర్ల జోలికి దాదాపు రాదు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కి వెళ్లి, మోడ్‌ని అడ్వాన్స్‌డ్ చేసి, ఎన్‌కోడర్‌గా ఎన్‌వీఈఎన్‌సీ హెచ్.264 ఎంచుకోండి. రేట్ కంట్రోల్ సీబీఆర్, బిట్‌రేట్ 6000 కేబీపీఎస్, కీఫ్రేమ్ వ్యవధి 2 సెకన్లు, ప్రీసెట్ పీ5 పెట్టండి. లుక్ అహెడ్ తీసేయండి, అది గేమ్ వాడుకునే గ్రాఫిక్స్ కోర్లనే వాడుకుంటుంది. 6000 కేబీపీఎస్ పంపాలంటే అప్‌లోడ్ నిలకడగా 8 నుంచి 10 ఎంబీపీఎస్ ఉండాలి.

ఇంకో చిన్న పని. గేమ్ ఫ్రేమ్‌రేట్‌కి హద్దు పెట్టండి. హద్దు లేకపోతే గేమ్ కార్డుని 99 శాతం దాకా వాడేస్తుంది, ఓబీఎస్ తన దృశ్యాన్ని కూర్చుకోవడానికి చోటు మిగలదు. కార్డు వాడకం 90 శాతం దగ్గర ఆగేలా హద్దు చూసుకోండి. ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే విండోస్ దానికి కార్డు దగ్గర ప్రాధాన్యం ఇస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా గేమ్ తడబడితే అప్పుడు ప్రాసెసర్ లెక్క చూద్దాం. ఫ్రేమ్‌రేట్ హద్దు కాసేపు తీసేసి, గేమ్ రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేమ్‌రేట్ బాగా పెరిగిందా, కార్డే హద్దు. ఉన్నచోటే ఉందా, ప్రాసెసర్ హద్దు. 2600 మీద చాలా గేముల్లో రెండోదే జరుగుతుంది. 2018 నాటి ఆ చిప్‌లో ఒక్కో కోరు వేగం తక్కువ, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీయే, అదీ రెండు ముక్కలుగా ఉంటుంది.

అలాగైతే మీ బోర్డులోనే కూర్చునేవాటిలో చూడదగ్గవి మూడు. 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3 ఉన్న 5700ఎక్స్3డీ దొరికితే అదే తీసుకోండి, గేమ్‌కి ఈ ఏఎం4 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) దాన్ని మించిపోయేది 5800ఎక్స్3డీ ఒక్కటే, అదీ కొద్దిగానే. దొరక్కపోతే 5700ఎక్స్. 8 కోర్లు, 32 ఎంబీ, 65 వాట్లు, చల్లగా నడుస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే 5600. ఎన్‌కోడింగ్ కార్డుకి అప్పగించాక గేమ్‌కీ ఓబీఎస్‌కీ చాట్ విండోకీ ఈ 6 కోర్లు సరిపోతాయి. 5900ఎక్స్ మీకు వద్దు. అది ఆరేసి కోర్ల రెండు చిప్లెట్లు (విడి చిప్ ముక్కలు) కలిపి చేసింది, గేమ్‌కి ఆ రెండో చిప్లెట్ వల్ల ఒరిగేది స్వల్పం. వీడియో ఎడిటింగే వృత్తిగా ఉన్నవాళ్ల మాట వేరు.

ప్రశ్న: టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 45 శాతం దాటడం లేదు. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నట్టు కదా?

జవాబు: కాదు. ఆ అంకె అన్ని థ్రెడ్ల (కోర్ల మీద ఒకేసారి నడిచే పని వరుసల) సగటు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా సగటులో 8 శాతంగానే కనబడుతుంది. గేమ్‌లో ప్రధానమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది కాబట్టి, అవి నిండిపోతే మిగతావి ఎంత ఖాళీగా ఉన్నా లాభం లేదు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లుగా విడివిడిగా చూడండి. అంతకన్నా నమ్మదగ్గ గుర్తు గ్రాఫిక్స్ కార్డు వాడకం. ఫ్రేమ్‌రేట్‌కి హద్దు పెట్టకుండా ఆడుతున్నప్పుడు కార్డు 60, 70 శాతంలోనే తిరుగుతుంటే, చాలావరకు ప్రాసెసరే దాన్ని ఆపుతోంది.

ప్రశ్న: కోర్ ఐ3-12100ఎఫ్, బీ660 బోర్డు, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు ఉన్నాయి. ఓబీఎస్‌లో ఎక్స్264 తప్ప వేరే ఎన్‌కోడరే కనబడటం లేదు. డ్రైవర్ రెండుసార్లు వేసి చూశాను. ఏం చేయాలి?

జవాబు: డ్రైవర్ తప్పేం లేదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీలో వీడియో ఎన్‌కోడర్ అసలు లేదు, 6400లోనూ అంతే. ఐ3 పేరు చివర ఉన్న ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేవని. అంటే మీ సిస్టమ్‌లో ఆ పని చేసే విభాగం ఎక్కడా లేదు, నాలుగు కోర్ల ప్రాసెసరే అంతా మోస్తోంది.

ప్రాసెసర్ మార్చడం నిజంగా మందుగా పనిచేసే సందర్భం ఇదే. మార్చేటప్పుడు ఎఫ్ లేనిది కొనడమే ముఖ్యం. ఐ5-12400 తీసుకుంటే 6 కోర్లతో పాటు లోపలి యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్, అందులో క్విక్ సింక్ ఎన్‌కోడర్ వస్తాయి. లైవ్ ఇస్తూనే ఇతర పనులు కూడా నడిపేవారికి ఐ5-13500 లేదా 14500 ఇంకా నయం. 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు ఉంటాయి. ఈ రెంటికీ ముందు బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలి, మీ ఐ3 బోర్డులో ఉండగానే చేసేయండి. 13, 14 తరాల్లో 65 వాట్లు, ఆపై ఉన్న కొన్ని చిప్‌లు ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా పాడయ్యే సమస్య 2024లో బయటపడింది. అందుకే ప్రాసెసర్ పనితీరుని సరిదిద్దే మైక్రోకోడ్ 0ఎక్స్12బీ లేదా తర్వాతిది ఉన్న బయోస్ వేయండి.

ప్రాసెసర్ మార్చగానే క్విక్ సింక్ కనబడకపోవచ్చు. విడి కార్డు ఉంటే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతట అవే ఆపేస్తాయి. బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నదాన్ని ఆన్ చేసి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి. మానిటర్ కేబుల్ మాత్రం కార్డుకే ఉండాలి.

ప్రశ్న: ఏఎం4 బోర్డులో 3600 తీసి 5700ఎక్స్3డీ వేయబోతున్నాను. ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు: స్క్రూడ్రైవర్ పట్టే ముందే రెండు పనులు ముగించండి. మొదటిది బయోస్. బోర్డు తయారీదారు పేజీలో 5700ఎక్స్3డీకి ఏ వెర్షన్ నుంచి సపోర్టు ఉందో చూసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో పాత ప్రాసెసర్ మీదే అప్‌డేట్ చేయండి. కొన్ని బీ450 బోర్డుల బయోస్ చిప్‌లో చోటు తక్కువ, కొత్తవాటికి సపోర్టు చేర్చాక కొన్ని పాత ప్రాసెసర్లు నడవవు. మీ 3600ని మళ్లీ వాడుకోవాలంటే ఆ పేజీలో అదీ ఉందో లేదో చూసుకోండి. రెండోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం. ప్రాసెసర్ మారితే ఆ తాళం వివరాలు దాచే ఎఫ్‌టీపీఎం అనే భద్రతా విభాగం మారుతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు రీసెట్ చేయమంటారా అని వై, ఎన్ అడుగుతుంది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఉండి రికవరీ కీ మీ దగ్గర లేకపోతే విండోస్ తెరుచుకోదు. కీ కాగితం మీద రాసిపెట్టుకుని, బయోస్ ముట్టుకునే ముందే బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపండి.

ఇక కూలర్. ఏఎం4లో పిన్నులు బోర్డుకి కాదు, ప్రాసెసర్‌కే ఉంటాయి, మొత్తం 1331. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పాత పేస్ట్ గట్టిపడి ఉన్నప్పుడు కూలర్‌ని నిటారుగా లాగితే, లివర్ మూసి ఉన్నా సరే, ప్రాసెసర్ దానికి అంటుకుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే. ఏదైనా బరువైన గేమ్ పది నిమిషాలు నడిపి పేస్ట్ వేడెక్కనివ్వండి. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, క్లిప్ లేదా స్క్రూలు వదులు చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జిగురు వదిలినట్టు చేతికి తెలిశాకే పైకెత్తండి.

కొత్తదాని మూలనున్న బంగారు త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజంతో కలిపి పెడితే తనంతట తానే జారి కూర్చోవాలి. నొక్కాల్సి వస్తోందంటే ఆపి పిన్నులు చూడండి. 5700ఎక్స్3డీతో కూలర్ రాదు. 3600తో వచ్చిన చిన్న కూలర్ దీనికి చాలదు. ఈ చిప్‌కి పరిమితి 90 డిగ్రీలు, ఆటలో అక్కడికి చేరితే వేగం తగ్గించుకుంటుంది. నాలుగు హీట్‌పైపులు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ పెట్టండి.

చివరగా ర్యామ్. బయోస్ అప్‌డేట్ తర్వాత ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆగిపోయి, 3200 ర్యామ్ 2133లో నడుస్తుంటుంది. కొత్త ప్రాసెసర్ వేసినా ఏమీ మారలేదనేవాళ్లు ముందు ఇక్కడే చూడాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో వేగం కనబడుతుంది. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

ప్రశ్న: బోర్డుతో సహా అంతా కొత్తగా కొంటున్నాను. గేమ్, స్ట్రీమింగ్ రెంటికీ 9800ఎక్స్3డీ మేలా, 16 కోర్ల 9950ఎక్స్3డీ మేలా?

జవాబు: 9800ఎక్స్3డీ. 9950ఎక్స్3డీలో అదనపు క్యాష్ రెండు చిప్లెట్లలో ఒకదానికే ఉంది. గేమ్ సరైన వైపు నడవాలంటే చిప్‌సెట్ డ్రైవర్, విండోస్‌లోని గేమ్ బార్ రెండూ సరిగ్గా పనిచేయాలి. ఎడిటింగ్, రెండరింగ్ చేయనివారికి ఆ తలనొప్పి అనవసరం. మిగిలే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. ఆర్టీఎక్స్ 40 లేదా ఆర్ఎక్స్ 7000 తరం నుంచి తీసుకుంటే ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్ ఎన్‌కోడర్ ఉంటుంది, యూట్యూబ్‌కి అదే బిట్‌రేట్‌లో హెచ్.264 కన్నా స్పష్టమైన బొమ్మ వెళ్తుంది. ర్యామ్ డీడీఆర్5-6000, రెండు స్టిక్కులే. నాలుగు పెడితే ఆ వేగం నిలబడటం కష్టం.