పాత వంటల రాతప్రతులు: అప్పు చేసి పంపేముందు

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. యూరప్ పాత వంటల రాతప్రతులు చదివి, వాటిని మళ్లీ వండి చూడటమే తన కెరీర్ అంటోంది. మాస్టర్స్‌కి విదేశాలకు పంపమంటోంది, అప్పు చేయాల్సిందే. ఇదసలు ఉద్యోగమేనా? నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, ఏలూరు

జవాబు: ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన నేనెప్పుడూ చూడలేదు. పని మాత్రం ఉంది. లండన్ శివార్లలోని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ నాటి వంటశాలల్లోనే ఆ కాలపు వంటలు వండి సందర్శకులకు చూపించారు. అయితే ఈ రంగంలో ఎక్కువమందికి జీతం వచ్చేది మ్యూజియంలోనో, లైబ్రరీలోనో, యూనివర్సిటీలోనో చేసే ఉద్యోగం మీద.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1390 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’ అనే సంకలనం ఉంది. (క్యూరీ అంటే వంట. మన కూరకీ దానికీ సంబంధం లేదు.) అందులో ఒక అన్నం వంటకం ఇలా ఉంటుంది: బియ్యం కడిగి, మట్టికుండలో మాంసం ఉడికించిన రసంతో బాగా ఉడకనిచ్చి, బాదంపాలు పోసి, కుంకుమపువ్వుతో రంగు తెచ్చి, ఉప్పు వేసి వడ్డించాలి. అంతే! బియ్యమెంత, రసమెంత, ఎంతసేపు అన్నది ఒక్క ముక్క లేదు. మన అమ్మమ్మలు ‘తగినంత’ అన్నట్టే. కాకపోతే అమ్మమ్మని మళ్లీ అడగొచ్చు. ఇక్కడ ఆ కాలపు మిగతా ప్రతులతో పోల్చుకోవాలి, నాలుగైదు సార్లు వండాలి, అన్నం జావలా వచ్చిందా పలుకుగా వచ్చిందా అని ప్రతిసారీ రాసుకోవాలి. తేలకపోతే తేలలేదనే రాయాలి. టమాటా, బంగాళదుంప, మిరపకాయ తగిలించడానికి వీల్లేదు, అవి యూరప్‌కి చేరింది 1492 తర్వాతే. ఆ వంటల్లో వాడిన పిప్పళ్లు, దుంపరాష్ట్రం మాత్రం మీ ఊళ్లో మూలికల కొట్లో అడిగితే దొరుకుతాయి.

అసలు పరీక్ష వంట దగ్గర కాదు, చేతిరాత దగ్గర. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ పాత చేతిరాత చదవడం ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్పుతోంది. లండన్‌లోని వెల్కమ్ కలెక్షన్ (మ్యూజియం, లైబ్రరీ), వాషింగ్టన్‌లోని ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ తమ వంటల రాతప్రతులను చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టాయి. 17వ శతాబ్దపు ప్రతి ఒకటి తీసుకుని, ఆరు నెలల్లో ఇరవై వంటకాలు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయమనండి, అందులో ఐదు వండమనండి. ఎనిమిదో వంటకానికే విసుగొస్తే మీకు అప్పు తప్పినట్టే.

విసుగు రాకపోతే ఇక్కడే ఎంఏ హిస్టరీ చేయించండి, పక్కన ఫ్రెంచ్ నేర్పించండి. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాంసేజ్ ఉంది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే లాటిన్ కూడా కావాలి. ఇటలీలో పొలెంజోలోని గ్యాస్ట్రనామిక్ సైన్సెస్ (ఆహార శాస్త్రాల) యూనివర్సిటీ లాంటివి ఆ తర్వాత, అదీ స్కాలర్‌షిప్ వస్తేనే. లైబ్రరీ సైన్స్ కూడా చేస్తే లైబ్రరీలు, ఆర్కైవ్స్ వైపు ఒక దారి చేతిలో ఉంటుంది. మీకు అప్పు చేసే స్తోమత ఉన్నా నా సలహా ఇదే.

ఈ ఆదివారం ఆ అన్నం ఇంట్లోనే వండమనండి. బాదంపప్పు శనివారం రాత్రే నానబెట్టాలి. రుచి చూశాక, తను రాసుకున్న నోట్సు కూడా ఒకసారి అడిగి చూడండి.